ఊరి లెక్క, ఇంటి బిడ్డ

పిల్లల ఎదుగుదల మీద మన దేశంలో పెద్ద సర్వేలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పసిపిల్లల ఎత్తు, బరువు కొలుస్తుంది, రక్తం పరీక్షిస్తుంది, టీకాల వివరాలు రాసుకుంటుంది. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే పల్లె పిల్లలు ఎంతవరకు చదవగలరో, లెక్కలు చేయగలరో వాళ్ల ఇళ్లకే వెళ్లి చూస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం చేసే సమయ వినియోగ సర్వే ఇంట్లో ఎవరి రోజు ఎలా గడుస్తుందో గంటలు, నిమిషాల్లో నమోదు చేస్తుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లల తిండి, చదువు, ఇంట్లో వారికి దొరికే తోడు ఏ స్థితిలో ఉన్నాయో అర్థమవుతుంది.

ఈ లెక్కలు ప్రభుత్వాల కోసం, అధికారుల కోసం తయారవుతాయి. తల్లిదండ్రులకు వాటితో పనేమిటన్న సందేహం సహజమే. సర్వేలో తేలిన సంఖ్య ఒక సమూహం గురించి చెబుతుంది. ఫలానా ఇంటి బిడ్డ గురించి చెప్పదు. అయితే ఆ సంఖ్యను రాబట్టడానికి సర్వే అడిగిన ప్రశ్న మాత్రం ప్రతి ఇంటికీ పనికొస్తుంది. బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు ఉందా? నిన్న ఎన్ని రకాలు తింది? చిన్న కథ చదివి అర్థం చెప్పగలదా? ఈ వారంలో ఎవరైనా కొట్టారా? తండ్రి ఎంతసేపు పక్కన కూర్చున్నాడు? ఇవన్నీ ఖర్చు లేకుండా ఇంట్లోనే తేల్చుకోగల సంగతులు.

కర్ణాటకలోని మన చిక్కబళ్లాపురం జిల్లా 2007లో కోలారు నుంచి విడిపోయింది. 2011 జనాభా లెక్కల నాటికి ఇక్కడి జనం సుమారు 12.5 లక్షలు. అక్షరాస్యత దాదాపు 70 శాతం. అప్పటి రాష్ట్ర సగటు 75 శాతం. ఉత్తరాన బాగేపల్లి, తూర్పున చింతామణి తాలూకాలు ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్నాయి. చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పాడి, పట్టు, పూలు, ద్రాక్ష, టమాటా, శెనక్కాయల మీద బతికే కుటుంబాలు ఎక్కువ. దేశవ్యాప్త లెక్కలను ఇక్కడి ఇంటికి అన్వయించుకునేటప్పుడు ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకోవాలి.

సంఖ్య ఎలా పుడుతుంది

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాల్లో సుమారు 6.37 లక్షల ఇళ్లకు వెళ్లింది. అంటే సగటున జిల్లాకు 900 ఇళ్లు. ఎంపిక చేసిన ప్రతి పల్లెలో, ప్రతి పట్టణ వార్డులో 22 ఇళ్ల చొప్పున చూశారు. అసర్ పద్ధతిలో గ్రామీణ జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు ఉంటాయి. ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు. నియమం ప్రకారం, ఎవరి పక్షమూ లేకుండా ఎంచుతారు. ఆ ఎంపిక సవ్యంగా జరిగితే కొద్ది ఇళ్లే మొత్తం జిల్లాకు ప్రాతినిధ్యం వహించగలవు.

అయినా ఎంతో కొంత తేడా తప్పదు. ఒక జిల్లాలో 300 మంది పసిపిల్లలను కొలవగా 35 శాతం మంది ఎత్తు తక్కువగా తేలారనుకుంటే, అసలు సంఖ్య 30కీ 40కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి ఒక జిల్లాలో 35, పక్క జిల్లాలో 37 అని అచ్చయితే రెండో జిల్లా వెనకబడిందని తీర్మానించకూడదు. అదే జిల్లాలో అయిదేళ్ల తర్వాత రెండు పాయింట్లు తగ్గితే పొంగిపోవడమూ తొందరపాటే. రాష్ట్రం మొత్తానికి వచ్చే సంఖ్య వేల మందిని కొలిచి చెప్పింది గనుక మరింత నమ్మదగినది.

ఏ సంఖ్య చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు? దేన్ని, ఏ పద్ధతిలో కొలిచారు? ఎప్పుడు కొలిచారు? కర్ణాటకలో ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే 2019లోనే ముగిసింది. అందువల్ల కోవిడ్ కాలంలో బడులు, అంగన్‌వాడీలు మూతబడి పిల్లలు పడ్డ కష్టం ఆ సర్వేలోని కర్ణాటక లెక్కల్లో కనిపించదు.

ఎత్తు చెప్పే చరిత్ర

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్ణాటకలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.4 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు, 2015-16లో ఇది 36.2 శాతం. దేశ సగటు 35.5. ఎత్తుకు తగ్గ బరువు లేక చిక్కిపోయిన పిల్లలు రాష్ట్రంలో 26.1 నుంచి 19.5 శాతానికి తగ్గారు. మొదటి లోపం నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగిన పోషణ లేమిని, మళ్లీ మళ్లీ వచ్చిన జబ్బులను చూపిస్తుంది. రెండోది ఇటీవలి ఆకలిని, ఈమధ్య వచ్చిన విరేచనాల్లాంటి జబ్బును చూపిస్తుంది. చిక్కిన బిడ్డ కొన్ని వారాల మంచి తిండితో కోలుకోగలదు. ఎత్తులో పడ్డ వెనకబాటు అంత తేలిగ్గా పూడదు. రాష్ట్రంలో రెండోది బాగా తగ్గి, మొదటిది దాదాపు అక్కడే నిలిచిపోవడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

“మా వంశమే పొట్టి” అన్న మాట ఊళ్లలో తరచు వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు ఆ మాటకు జవాబు చెబుతాయి. వాటి కోసం బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను కొలిచారు. భారత్ తరఫున ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తల్లిపాలు, తగినంత తిండి, శుభ్రత, వైద్యం అందిన ఇళ్లలో ఈ ఆరు దేశాల పిల్లలూ దాదాపు ఒకే తీరుగా పెరిగారు. బాగా పెరుగుతున్న పిల్లల్లో కూడా సహజంగానే నూటికి రెండు, మూడు మంది ఆ ప్రమాణాల కనీస హద్దు కింద ఉంటారు. నూటికి 35 మంది ఉన్నారంటే దానికి వంశాన్ని కారణంగా చెప్పలేం. ఒక్కో బిడ్డ విషయంలో తల్లిదండ్రుల ఎత్తు ప్రభావం ఉంటుంది. ఊరి పిల్లల్లో మూడో వంతు మంది పొట్టిగా ఉండటానికి మాత్రం కారణాలను తిండిలో, నీళ్లలో, జబ్బుల్లో, తల్లి ఆరోగ్యంలో వెతకాలి.

ఇంట్లో ఎత్తు కొలవడం పది నిమిషాల పని. రెండేళ్లు దాటిన బిడ్డను చెప్పులు విప్పించి, జడ, కొప్పు ఉంటే తీసి, గోడకు ఆనించి నిలబెట్టాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడను తాకాలి. చూపు నేరుగా ముందుకు ఉండాలి. గట్టి అట్ట పుస్తకాన్ని తల మీద పడుకోబెట్టి, గోడకు అడ్డంగా ఆనించి, దాని అడుగు తగిలిన చోట గీత గీయాలి. నేల నుంచి ఆ గీత వరకు టేపుతో కొలవాలి. ఐదేళ్లు నిండిన నాటికి ఆడపిల్లల మధ్యస్థ ఎత్తు 109.4 సెంటీమీటర్లు, మగపిల్లలది 110 సెంటీమీటర్లు. ఆడపిల్ల 99.9 కంటే, మగపిల్లవాడు 100.7 కంటే తక్కువ ఉంటే సర్వే లెక్కలో ఎదుగుదల కుంటుపడినట్టే. 98 సెంటీమీటర్లున్న ఐదేళ్ల పాపను చూసి పక్కింటివాళ్లు “చిన్నగా, ముద్దుగా ఉంది” అనవచ్చు. ఆ పాపను డాక్టరుకు చూపించాలి.

ఒకసారి తీసిన కొలత కంటే వరుసగా తీసిన కొలతలు ఎక్కువ చెబుతాయి. అయిదు నుంచి పదేళ్ల మధ్య బిడ్డ ఏడాదికి సుమారు 5-6 సెంటీమీటర్లు పెరగాలి. ఆరు నెలలకోసారి గీత గీసి పక్కన తేదీ వేస్తే పెరుగుదల ఆగినప్పుడు ముందే తెలుస్తుంది. అంతకంటే చిన్నపిల్లలకు ప్రతి నెలా అంగన్‌వాడీలో బరువు తూయించి తాయి కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) నమోదు చేయించాలి. అంగన్‌వాడీలో దండ (చేయి పైభాగం) చుట్టుకొలత చూసే పట్టీ ఉంటుంది. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపున్న బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గర్భం నిలిచినప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా ఉన్న కాలం ఎత్తు విషయంలో అన్నిటికన్నా కీలకం. అదే సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో వయసుకు తగినన్ని రకాలు, తగినన్ని సార్లు తింటున్నవాళ్లు 11.3 శాతమే. ఇది పేదరికాన్ని మాత్రమే చూపే సంఖ్య కాదు. పాడి ఉన్న ఇళ్లలో కూడా పాలు డెయిరీకి పోయగా మిగిలినవే బిడ్డకు దక్కడం, పల్చటి రాగి జావతోనే కడుపు నింపడం జరుగుతోంది. రాగి మంచి ధాన్యం. దానికి మెత్తగా ఉడికిన పప్పు, చెంచాడు నూనె లేదా నెయ్యి, ఆకుకూర, గుడ్డు, పండు తోడు కావాలి. జావ చెంచా నుంచి జారిపోయేంత పల్చగా ఉంటే బిడ్డ చిన్న పొట్ట నీళ్లతో నిండుతుంది. ఆరు నెలలు నిండగానే చిక్కటి మెత్తటి ముద్ద మొదలుపెట్టాలి. అది ఏ ఇంట్లోనైనా చేయగల మార్పు.

రక్తహీనత: రెండు సర్వేలు, రెండు సంఖ్యలు

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు దేశంలో 67.1 శాతమని, కర్ణాటకలో 65.5 శాతమని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే మాత్రం ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతమే అంది. మొదటి సర్వే వేలి కొసనో మడమనో గుచ్చి తీసిన రక్తపు చుక్కను అక్కడికక్కడే చిన్న యంత్రంతో చూసింది. రెండోది నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షించింది. పిల్లల వయసులూ పూర్తిగా ఒకటి కావు. పద్ధతి మారితే సంఖ్య ఎంతగా మారుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఏ సంఖ్య తీసుకున్నా పది మందిలో కనీసం నలుగురు పసివాళ్లకు రక్తం తక్కువ. తేడా ఉంది గనుక రెండూ తప్పేనని కొట్టిపారేయడానికి వీల్లేదు.

రక్తహీనత బయటికి అంతగా కనిపించదు. బిడ్డ త్వరగా అలసిపోవడం, ఆటలో వెనకబడటం, మట్టి తినడం, చదువు మీద మనసు నిలవకపోవడం లాంటి గుర్తులు ఉండవచ్చు. ఇనుము ఉన్న ఆకుకూరలు, పప్పులు, అనపగింజలు, ఉలవలు జిల్లాలో దొరికేవే. వాటితో పాటు నిమ్మరసం, జామ, టమాటా లాంటివి తింటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే టీ తాగిస్తే సరిగ్గా పట్టదు. మాంసం, చేప తినే ఇళ్లలో బిడ్డ పళ్లెంలోకి కూడా చిన్న ముక్కలు చేసి వేయాలి. ఆరోగ్య కార్యకర్తలు ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే ఇనుము మందును వారానికి రెండుసార్లు మానకుండా పట్టాలి. నులిపురుగుల నివారణ దినాల్లో మాత్ర వేయించాలి. బడిలో ఇచ్చే పాలు, గుడ్డు ఇంటి తిండికి అదనం. బడిలో తిన్నారు కదా అని ఇంట్లో తగ్గించకూడదు. కర్ణాటక బడుల్లో 2013 నుంచి క్షీరభాగ్య పథకం కింద పాలు ఇస్తున్నారు.

చదువు: తరగతి వేరు, చదవడం వేరు

బడిలో చేరిన పిల్లల శాతం ఇప్పుడు చాలా ఎక్కువ. చేరినవాళ్లు ఏం నేర్చుకున్నారన్నది అసర్ అడిగే ప్రశ్న. 2024లో 605 గ్రామీణ జిల్లాల్లో సుమారు 6.5 లక్షల పిల్లలను చూశారు. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. 2022లో ఇది 16.3 శాతం. కోవిడ్ దెబ్బ నుంచి పిల్లలు తేరుకుంటున్నారన్నది ఇందులోని మంచి వార్త. నలుగురిలో ముగ్గురికి ఇంకా చదవడం పట్టుబడలేదన్నది అసలు సమస్య.

పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. బిడ్డ చేతికి ఒక కాగితం ఇస్తారు. మొదట నాలుగు తేలిక వాక్యాలున్న పేరా చదవమంటారు. అది చదవగలిగితే రెండో తరగతి స్థాయి కథ. చదవలేకపోతే చిన్న మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తీసుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం ఉంటాయి. 46లో నుంచి 29 తీసేయమంటే చాలామంది పిల్లలు 23 అని రాస్తారు. తొమ్మిదిలో నుంచి ఆరు, నాలుగులో నుంచి రెండు తీసేసి వచ్చిన జవాబది. ఆ పిల్లవాడికి తీసివేత వచ్చు, పదుల స్థానం అర్థం కాలేదు. “తప్పు” అని కొట్టేసే ముందు ఎలా చేశాడో చెప్పించుకుంటే ఏం నేర్పాలో తెలుస్తుంది. పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు ఆరు ముందు పెట్టి, ఒక కట్ట విప్పించి 29 తీయిస్తే విషయం చేతికి అందుతుంది.

బాగేపల్లి, చింతామణి పిల్లల విషయంలో చదవడంతో పాటు భాష కూడా చూడాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ కన్నడ పేరా దగ్గర ఆగిపోతే కారణం రెండింటిలో ఏదైనా కావచ్చు. అక్షరాలు కలిపి చదవడం రాకపోవచ్చు. చదివినా మాటల అర్థం తెలియకపోవచ్చు. సర్వే పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. ఇంట్లో ఈ తేడా కనిపెట్టడం సులభం. కన్నడ పాఠం గట్టిగా చదివించి, కథ ఏమిటో తెలుగులో చెప్పమనాలి. తడబడుతూ చదివినా కథ సరిగ్గా చెబితే కావలసింది సాధన. గడగడా చదివి కథ చెప్పలేకపోతే కావలసింది కన్నడ మాటల పరిచయం. ఇంట్లో తెలుగు మానేస్తే కన్నడం వస్తుందన్నది అపోహ. తల్లి చెప్పే కథలు, సామెతలు, పొడుపుకథల వల్ల బిడ్డకు మాటల సంపద పెరుగుతుంది. అది ఏ భాష నేర్చుకోవడానికైనా పనికొస్తుంది. రెండు లిపుల పోలిక దగ్గరిది గనుక ఒకటి వచ్చిన బిడ్డకు రెండోది త్వరగా అలవాటవుతుంది.

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు వాడే నలి-కలి పద్ధతికి ప్రేరణ సరిహద్దు అవతల మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీలో పుట్టింది. పిల్లలు తమ వేగంతో, చిన్న చిన్న మెట్లుగా, కార్డుల సాయంతో నేర్చుకోవడం అందులోని సారం. ఏ మెట్టు మీద ఉందో బిడ్డకే తెలుస్తుంది. తల్లిదండ్రులు బడికి వెళ్లినప్పుడు “ఎన్ని మార్కులు” అని అడిగే బదులు “ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, తర్వాతి మెట్టేమిటి” అని అడిగితే టీచరు చెప్పగలిగేది చాలా ఉంటుంది.

దెబ్బ, భయం, పరీక్ష

పిల్లలను కొట్టడం గురించిన లెక్కలు మనసును కలచివేస్తాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో పదికి ఆరుగురు ఇంట్లో దెబ్బలకో, తిట్లకో, బెదిరింపులకో తరచు గురవుతున్నారని యునిసెఫ్ 2024లో ప్రపంచం మొత్తానికి అంచనా వేసింది. మన దేశంలో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించి 2007లో వెలువరించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస అనుభవించినట్టు తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం అప్పట్లో బాగేపల్లికి పొరుగు జిల్లా అయిన అనంతపురంతో సహా పలు జిల్లాల పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. గత వారంలో టీచరు ఎవరినైనా కొట్టడం చూశారా అని ఎనిమిదేళ్ల వాళ్లను అడిగితే పదింట తొమ్మిది మందికి పైగా చూశామన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

ఇలాంటి సంఖ్యలు ఎక్కువగా పిల్లలను సూటిగా అడిగినప్పుడే బయటపడతాయి. పెద్దలను అడిగితే అది దెబ్బగా లెక్కకు రాదు. “బుద్ధి చెప్పాం” అంటారు. కొడితే పని అప్పటికప్పుడు ఆగుతుంది. ఆ పని ఎందుకు చేయకూడదో మాత్రం బిడ్డకు తెలియదు. తప్పు చేసినప్పుడు దాచడం నేర్చుకుంటుంది. కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు కాసేపు పక్కకు వెళ్లడం, నియమాన్ని ముందే చెప్పి దానికే కట్టుబడటం, పాడు చేసినదాన్ని బిడ్డ చేతనే సరిచేయించడం, మంచి పని చేసినప్పుడు గమనించి ఆ సంగతి పైకి చెప్పడం కొట్టడం కంటే మెరుగైన ఫలితమిస్తాయి.

పెద్ద పిల్లల్లో భయం రూపం మారుతుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగినప్పుడు 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమన్నారు. తరగతిలో ప్రశ్న అడగడానికి జంకుతామన్నవాళ్లు 28 శాతం. ఎస్సెస్సెల్సీ (పదో తరగతి) ఏడాదిలో ఇంట్లో జరిగే ప్రతి మాటా మార్కుల చుట్టూ తిరిగితే ఈ ఆందోళన పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో 11 నుంచి 15 ఏళ్ల పిల్లలతో చేసే సర్వేల్లో ఒక ప్రశ్న వాడతారు: సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన మీద నీ జీవితం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది? ఈ ప్రశ్నను ఇంట్లోనూ తీరిక వేళ అడగవచ్చు. “నాలుగు” అని జవాబు వస్తే వాదించకుండా, ఐదుకు చేరాలంటే ఏం మారాలని అడిగి వినాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, స్నేహితులకు దూరమవడం వారాల తరబడి సాగితే డాక్టరు సాయం తీసుకోవాలి.

ఫోను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అసర్ 2024 ప్రకారం 14-16 ఏళ్ల పల్లె పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో ముందటి వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవాళ్లు 76 శాతం. నిషేధం ఎక్కువ రోజులు నిలవదు. రాత్రి ఫోన్లన్నీ పెద్దలవీ పిల్లలవీ ఒకే చోట పెట్టే నియమం ఇంటిల్లిపాదికీ వర్తిస్తే నిలుస్తుంది.

తండ్రి గంట

2024 సమయ వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాలుపంచుకున్నారు, రోజుకు సుమారు 140 నిమిషాలు. అదే వయసు మగవాళ్లలో పాలుపంచుకున్నది 21.4 శాతం, సుమారు 74 నిమిషాలు. వంట, పాడి, నీళ్లు ఈ లెక్కలోకి రావు. అవి వేరే గడుల్లో ఉంటాయి. తెల్లవారకముందే పూల కోతకు వెళ్లి వచ్చి, పాలు పిండి, వంట చేసిన తల్లే బిడ్డ చదువు చూడాలని, అంగన్‌వాడీకి తీసుకెళ్లాలని ఆశించడం అన్యాయం. ఆ అలసట బిడ్డ తిండి మీద, మాట మీద పడుతుంది.

తండ్రి చేయాల్సినవి చిన్న పనులే: రోజూ ఒక పూట తన చేత్తో తినిపించడం, పడుకునే ముందు కథ చెప్పడమో చదివించి వినడమో, ఆరు నెలలకోసారి గోడ మీద ఎత్తు గీయడం, టీకా రోజున పని మానుకుని బిడ్డను ఎత్తుకెళ్లడం. చదువు రాని తండ్రి కూడా బిడ్డ చేత చదివించుకుని వినగలడు. వినేవాడున్నప్పుడు చదవాలన్న ఉత్సాహం పిల్లల్లో పెరుగుతుంది.

తోడుగా కనిపించేది, కారణమైనది

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో బడి ముఖం చూడని తల్లుల పిల్లల్లో 46 శాతం మంది ఎత్తు తక్కువ. పన్నెండేళ్లు లేదా అంతకు మించి చదివిన తల్లుల పిల్లల్లో 26 శాతం. తల్లి చదువే బిడ్డను పెంచిందని దీన్నుంచి వెంటనే తేల్చకూడదు. చదివిన తల్లికి సాధారణంగా ఆదాయం, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఆలస్యంగా జరిగిన పెళ్లి కూడా తోడుంటాయి. ఏది ఎంత పని చేసిందో ఒక్క పట్టికతో విడదీయలేం. ఒకే బిడ్డను ఏళ్ల తరబడి చూసే యంగ్ లైవ్స్ లాంటి అధ్యయనాల విలువ ఇక్కడే తెలుస్తుంది. చిన్నప్పుడు ఎత్తులో వెనకబడిన పిల్లల్లో కొందరు తర్వాత కోలుకున్నారని, మొదట బాగున్నవాళ్లలో కొందరు తర్వాత వెనకబడ్డారని అది చూపింది. కాబట్టి రెండేళ్లు దాటిపోయాయని ఆశ వదులుకోనక్కర్లేదు. బాగా పెరుగుతోందని ఏమరుపాటుగా ఉండనూ కూడదు.

చదువుకోని తల్లిని ఈ లెక్క చూపి నిందించడం తగదు. లెక్క నేర్పేది ముందుచూపు: ఈనాటి ఆడపిల్ల బడి మానకుండా చూడటం. కర్ణాటకలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 21.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 2015-16లో ఇది 21.4. అంటే నాలుగేళ్లలో మార్పు లేనట్టే. బాల్యవివాహం చట్టం దృష్టిలో మొదటి నుంచీ చెల్లదని కర్ణాటక తన సవరణ చట్టంలో స్పష్టం చేసింది. చిన్న వయసులో తల్లయిన పిల్లకు పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు ఎక్కువ. ఎత్తు, రక్తం, చదువు అని వేర్వేరు పట్టికల్లో కనిపించే సమస్యలు ఇక్కడ ఒకచోట కలుస్తాయి.

ఇంట్లో రాసుకోవలసిన లెక్క

ప్రతి బిడ్డకూ ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. అందులో నాలుగు విషయాలు ఉండాలి.

నెలకోసారి: ఐదేళ్లలోపు బిడ్డ బరువు, టీకాలు, వచ్చిన జబ్బులు. తాయి కార్డు ఆ పుస్తకంలోనే పెట్టాలి.

వారంలో ఒక రోజు: బిడ్డ ముందు రోజు తిన్నవన్నీ రాయాలి. ధాన్యం, పప్పు, పాలు, గుడ్డు లేదా మాంసం, ఆకుకూర, ఇతర కూరగాయలు, పండు: వీటిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాలి. నాలుగు కంటే తక్కువైతే మర్నాడు ఏది చేర్చాలో ఇంట్లో మాట్లాడుకోవాలి.

మూడు నెలలకోసారి: రెండో తరగతి పాఠం ఒకటి చదివించి తెలుగులో అర్థం చెప్పించాలి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించాలి. మార్కు వేయకుండా, ఎక్కడ ఆగిందో రాయాలి.

ఆరు నెలలకోసారి: ఎత్తు. దానితో పాటు నిచ్చెన ప్రశ్న, బడిలో గానీ ఇంట్లో గానీ ఎవరైనా కొడుతున్నారా అన్న ప్రశ్న.

ఈ పుస్తకాన్ని అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పక్కింటి పిల్లలను పోల్చడానికి వాడకూడదు. ప్రతి బిడ్డనూ తన నిన్నటి కొలతతోనే పోల్చాలి.

తేడా కనిపిస్తే అడగవలసిన చోట్లు ఊరిలోనే ఉన్నాయి. ఎత్తు, బరువుల సంగతికి అంగన్‌వాడీ టీచరమ్మ, ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. చదువు, దెబ్బల సంగతికి హెడ్‌మాస్టరు, బడి అభివృద్ధి కమిటీ. బాల్యవివాహం, హింసకు పిల్లల సహాయవాణి 1098 నంబరు. కొన్ని విషయాలను ఇంటి పుస్తకం పరిష్కరించలేదు. జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంది. పిల్లల పళ్ల మీద గార, మచ్చలు దాని గుర్తు. కుటుంబ ఆరోగ్య సర్వే ఆ గుర్తును లెక్కపెట్టదు. బడి మరుగుదొడ్డికి తలుపు లేకపోవడం, సాయంత్రం బస్సు రాకపోవడం కూడా చాలా పట్టికల్లో కనిపించవు. ఇలాంటివి చెప్పుకోవడానికి కర్ణాటకలో గ్రామ పంచాయతీలు మక్కళ (పిల్లల) గ్రామసభ జరుపుతాయి. అక్కడ పిల్లలే లేచి మాట్లాడతారు. ఆ రోజు పిల్లలను పనికి పంపకుండా సభకు పంపడం, ఏం చెప్పాలనుకుంటున్నారో ముందే కూర్చుని వినడం, వాళ్లు అడిగినదానికి పంచాయతీ ఏం చేసిందో తర్వాత ఆరా తీయడం తల్లిదండ్రుల బాధ్యత.